ఖాయం కాని పళ్ళు

మా తోడికోడలిని వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు, అటు తిరిగాక అంటారు. నాకు మాత్రం ఒట్టి అక్కే. మా షాపు ముందు గదిలో నేను కళ్ళజోళ్ళు అమ్ముతాను, వెనక గదిలో ఆవిడ కట్టుడు పళ్ళు చేస్తుంది. చూపు మందగించినవాళ్ళు నా దగ్గర ఆగుతారు, పళ్ళూడినవాళ్ళు నన్ను దాటుకుని లోపలికి వెళతారు. రెండూ పోగొట్టుకున్నవాళ్ళు వస్తే మా ఇద్దరి పంటా పండినట్టే.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. అక్కకి ఇంకా ఎక్కువ. నేను అరిచేసి, గంటలో మర్చిపోయి, అదే మనిషికి టీ కూడా పోస్తాను. ఆవిడ అరవదు, మర్చిపోదు. అందుకే నన్ను చూసి జనం నవ్వుతారు, ఆవిడని చూసి సర్దుకుని కూర్చుంటారు.

ఆ వెనక గది మా మామగారిది. ఒకటే కిటికీ. కిటికీ కింద పాలిష్ మోటారు, పక్కన ప్లాస్టర్ బస్తా, గోడ పొడవునా చెక్క అర, దాని మీద జనం దవడల అచ్చులు. చిగుళ్ళు పోసే గులాబీ రంగు పొడిలో కలిపే ద్రావకం వాసనకి కొత్తవాళ్ళయితే ముక్కు మూసుకుని బయటికి పరిగెడతారు. మామగారు కొడుకులిద్దరికీ పని నేర్పాలని తెగ తాపత్రయపడ్డాడు. పెద్దాయన, అంటే మా బావగారు, ఇంకొకరి నోట్లో పెట్టేది నేను ముట్టనని బస్సు డిపోలో గుమాస్తాగా చేరాడు. చిన్నాయన, అంటే మా ఆయన, లారీ ఎక్కి ఇప్పటికీ దిగలేదు. పెద్దకోడలు మాత్రం కాపురానికొచ్చిన కొత్తలోనే మామగారి పక్కన పీట వేసుకు కూర్చుంది.

"ఈ కంపు నీకెందుకమ్మా?" అన్నాడట ఆయన.

"మీకు అలవాటు కాలేదా మామయ్యా? నాకూ అవుతుంది" అందట ఆవిడ.

ఆయన మంచాన పడ్డాక గల్లాపెట్టె తాళంచెవి కొడుకుల చేతిలో పెట్టలేదు, ఈవిడ చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి ఆ గదిలో ఎవరికి ఎంత, ఎవరికి తగ్గింపు, ఎవరికి ఊరికే, అంతా ఆవిడ మాటే. ఆ తాళంచెవి ఆవిడ నడుముకి వేలాడుతుంటే మా అక్క ఆ గదికి మహారాణి. ఇంట్లో ఎవరేం అన్నా పట్టించుకోదు కానీ, ఆ గదిలో తన మాటకి ఎదురొస్తే మాత్రం ఊరుకోదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పాట నేర్పే మాస్టారొకాయన పళ్ళు చేయించుకుని, అద్దంలో చూసుకుని, "ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి" అన్నాడు. అప్పుడు గది నిండా జనం. ఆ ఏడంతా ఆయన ఎప్పుడొచ్చినా కూర్చోబెట్టి, చేతికో ఆపిల్ ఇచ్చి, "కొరకండి మాస్టారూ, అందరూ చూస్తారు" అనేది. కొరికే దాకా వదిలేది కాదు. "మీ అక్కకి చెప్పమ్మా, పళ్ళు నావేనని ఒప్పుకుంటున్నాను" అని చివరికి ఆయన నా దగ్గరికొచ్చి మొర పెట్టుకున్నాడు.

అలాంటి మనిషిని ఒకడు మోసం చేశాడు. వాడి కథే ఇది.

వాడికి మేం పెట్టిన పేరు టింగు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. వీధిలో షాపు షాపుకీ తిరిగి, అందరి ఫోన్లలోనూ క్రిప్టో నాణేలు తీసుకునే యాప్ పెట్టించాడు. ఎంతమంది చేరితే వాడికి అంత కమిషన్. "బ్యాంకు లేదు, సెలవు లేదు. టింగ్ అని మోగిందా, డబ్బు మీదే" అని చిటికె వేసి చెప్పేవాడు. నా ఫోన్లోనూ, అక్క ఫోన్లోనూ పెట్టించాడు. ఇక మిగిలింది వర్తక సంఘం మీటింగు. అక్కడ వాడు మాట్లాడాలి, సంఘం సరేనంటే ఆ నాణేలు తీసుకునే మిషన్లు వీధంతా వాడి దగ్గరే కొనాలి.

ఆ మాట్లాడడంలోనే ఉంది చిక్కు. వాడి నోట్లో రెండు వరసలూ కట్టుడువే, ఎవరో ఎప్పుడో చేసినవి. వదులైపోయి, "టింగ్" అనగానే పై వరస కిందికి జారేది. దాన్ని నాలుకతో పైకి నెట్టుకుంటూ మాట్లాడేవాడు. నాకు నవ్వాగేది కాదు.

సరే, మా అక్క దగ్గరికే వచ్చాడు. ఆవిడ వాడి చిగుళ్ళ అచ్చు తీసి, మైనం దిమ్మలు కరిపించి, మొహం రంగుకి తగ్గ పళ్ళు ఏరి, మనసు పెట్టి చేసింది. పెట్టుకున్నాక వాడి బుగ్గలు నిండి పదేళ్ళు తగ్గినట్టు కనిపించాడు. పాత సెట్టు అక్కడే చెత్తబుట్టలో పడేశాడు. ఫోను తీసి నాలుగు నొక్కులు నొక్కాడు. అక్క ఫోను టింగ్ అంది.

"వచ్చేసింది మేడమ్!"

అక్క చూసింది. డబ్బు కనిపించింది. కింద సన్నటి బూడిద రంగు అక్షరాల్లో "ఇంకా ఖాయం కాలేదు" అని ఉంది. అదీ చదివింది. ఇంకొకరైతే ఆగమనేవాళ్ళేమో. పళ్ళు చేసేవాళ్ళకి మాత్రం ఆ మాట వింటే అనుమానం రాదు. వాళ్ళ పనిలో ఏదీ మొదటిరోజు ఖాయం కాదు. ఎంత బాగా చేసినా కొత్త పళ్ళు ఎక్కడో ఒకచోట చిగుళ్ళని ఒరుస్తాయి. మనిషి బుగ్గ పట్టుకుని తిరిగొస్తాడు, ఆ చోటు అరగదీస్తే అప్పుడు సెట్టు కుదిరినట్టు. నాలుగు రోజులకి అన్నీ సర్దుకుంటాయి. డబ్బు కూడా అంతేననుకుంది మా అక్క. "నొప్పి చేస్తే రండి" అని పంపేసింది.

సాయంత్రం షాపు కట్టేస్తూ ఫోను తెరిచింది. డబ్బు లేదు. ఉన్న గుర్తు కూడా లేదు.

మర్నాడు అడిగితే వాడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అవి మా అక్క చేసిన పళ్ళే! "మేడమ్, నేను పంపింది మీ కళ్ళతో చూశారు కదా. తర్వాత మీరేదో తప్పు నొక్కి ఉంటారు. ఈ నాణేల్లో ఒక్క నొక్కు తప్పితే అంతే" అన్నాడు. అక్కడితో ఆగాడా? వీధంతా చెప్పుకొచ్చాడు. చెప్పుల షాపులో, మందుల షాపులో, చివరికి డిపోకెళ్ళి మా బావగారి చెవిలో కూడా వేశాడు.

బావగారు ఇంటికొచ్చి చెయ్యి చాపాడు. "ఆ ఫోనిటివ్వు. తాళంచెవి కూడా. పళ్ళు చేసుకో, డబ్బు సంగతి నేను చూసుకుంటాను."

"నేనేం నొక్కలేదండీ. ఫోను ముట్టుకోనుకూడా లేదు."

"ముట్టుకోకుండానే ఎగిరిపోయిందా? ఎవరికి చెబుతావ్?"

అక్క ఫోనూ, నడుము నుంచి తీసిన తాళంచెవీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముందే ప్లాస్టర్ కలపడం మొదలుపెట్టింది. మామగారు ఇచ్చిన తాళంచెవి! ఆయన పెద్దకొడుకు ముట్టనన్న గదిలోది! ఆ రోజునుంచి పళ్ళు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా "ఫోను నొక్కడం జాగ్రత్తమ్మా" అని జాలిగా చెప్పి వెళ్ళేవాళ్ళు. ఒకావిడైతే, తగ్గింపు కావాలంటే ఇకమీదట మీవారినే అడగాలా అంది. అక్క మొహం పాలిపోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

అసలు సంగతి చెప్పింది జిరాక్స్ షాపావిడ. ఆవిడకి ఈ నాణేల వ్యవహారం అలవాటే. "టింగ్ అంటే డబ్బు బయల్దేరిందని, చేరిందని కాదక్కా. అన్నీ వరసలో నిలబడి ఉంటాయి. ఎవరు ఎక్కువ ఛార్జీ కడితే వాళ్ళది ముందు లెక్కలో రాసుకుంటారు, అప్పుడే ఖాయం. అలా రాసుకునేదాకా పంపినవాడు అవే నాణేల్ని ఎక్కువ ఛార్జీతో తనకే పంపేసుకోవచ్చు. అప్పుడు నీకు పంపింది చెల్లదు. వెనక్కి లాగే ఉద్దేశం ఉన్నవాడు నీకు పంపేటప్పుడు కావాలనే అతి తక్కువ ఛార్జీ పెడతాడు" అంది.

"మరి నువ్వెలా తీసుకుంటున్నావ్?" అన్నాను.

"రెండు కాగితాలు జిరాక్స్ తీయించుకున్నవాడు అంత కష్టం పడతాడా? మీరిచ్చింది రెండు వరసల పళ్ళు."

అక్క అంతా విని, "అంటే ప్లాస్టర్ గట్టిపడకముందే అచ్చు చేతికిచ్చేశానన్నమాట" అంది.

నేను ఊరుకుంటానా? "పద అక్కా, నడివీధిలో నిలబెట్టి కడిగేద్దాం. వాడి నోట్లో మన్ను పడ! ఆ పళ్ళు ఊడబెరికి చేతిలో పెడతాను" అన్నాను.

"ఫోన్లో చూపించడానికి ఏముంది? గుర్తు కూడా లేదు. నువ్వు అరిస్తే వాడు నవ్వుతాడు. నా పళ్ళతో నవ్వుతాడు" అంది అక్క. "కూర్చో. వాడికి కింద ఎడమపక్క, లోపలి అంచున ఒరుస్తుంది. ఇంకొకరు చేసిన సెట్టు ఎవరూ ముట్టుకోరు. నేను తప్పు నొక్కానని అందరూ నమ్మేశారు కాబట్టి వాడికి భయం కూడా లేదు. వాడి నోరే వాణ్ణి ఇక్కడికి లాక్కొస్తుంది."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళలోకి చూసి నేనే సర్దుకుని కూర్చున్నాను.

ఆవిడ వాడికి కావాలని చేసిందేమీ లేదని ఒట్టేసి చెబుతాను. అందరికీ ఒరిసినట్టే వాడికీ ఒరిసింది. కాకపోతే అందరూ రెండోరోజే వస్తారు, వీడు సిగ్గుకో పొగరుకో ఓర్చుకున్నాడు. వీధిలో కనిపించినప్పుడల్లా ఎడమ బుగ్గ కొంచెం కొంచెం పైకి లేస్తోంది. నేను అక్కకి రోజూ కబురు చెప్పేదాన్ని. "ఇవాళ కాఫీ కుడిపక్క నుంచే తాగుతున్నాడక్కా." అక్క పాలిష్ మోటారు ఆపి వినేది, మళ్ళీ వేసుకునేది. ఆ నొప్పి కబుర్లు మా ఇద్దరికీ ఎంత హాయిగా ఉండేవో చెప్పలేను. పాపమంటారా? అంటే అనండి.

సంఘం మీటింగు రోజు వచ్చింది. మధ్యాహ్నం షాపులు మూసి అందరూ ఎదుటి హాల్లో చేరుతున్నారు. బావగారికి సెలవు, గల్లా దగ్గర అక్క ఫోను పెట్టుకుని పెద్ద దొరలా కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు టింగు, బుగ్గ పట్టుకుని.

"మేడమ్, మాట్లాడలేకపోతున్నాను. ఒక్క నిమిషంలో చూసి పంపించండి. అక్కడ నాకోసం చూస్తున్నారు."

"దానికేం, తీసివ్వండి" అంది అక్క, తేనె పూసిన గొంతుతో.

రెండు వరసలూ తీసి ఇచ్చాడు. వాడి మొహం ఒక్కసారిగా లోపలికి కుంగిపోయింది. అక్క ఆ పళ్ళని కడిగి, తుడిచి, చిన్న డబ్బాలో పెట్టి, మూత వేసి, ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు వీటి ఖరీదు ఇవ్వండి. తర్వాత అరగదీస్తాను."

వాడు నోరు తెరిచాడు. గాలి ఎక్కువ, మాట తక్కువ వచ్చింది. తనెప్పుడో ఇచ్చాననీ, ఆవిడే తప్పు నొక్కిందనీ అన్నట్టు మాకు అర్థమైంది. బావగారు లేచాడు. "ఏమిటే ఇది? పెద్దమనిషిని బోసినోటితో కూర్చోబెడతావా? పరువు తీస్తున్నావ్!"

అక్క బావగారి వైపు చూడనైనా లేదు. కిటికీలోంచి ఎదుటి హాలు వైపు చూస్తూ కూర్చుంది. హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చప్పుడు పెరిగేకొద్దీ వాడి చొక్కా తడిసిపోతోంది. చివరికి, పోనీ మీ ఇంటి శాంతి కోసం రెండోసారి ఇస్తున్నాను అన్నట్టు చేతులూపి, ఫోను తీసి నొక్కాడు. బావగారి చేతిలో ఫోను టింగ్ అంది.

"ఇదిగో, వచ్చేసింది!" బావగారు మురిసిపోయాడు. "నా చేతిలో ఉంటే ఎలా వచ్చిందో చూశావా? ఇచ్చెయ్ పళ్ళు."

"కింద ఏం రాసుందో చదవండి" అంది అక్క.

"ఇంకా ఖాయం కాలేదు అని... అయితే ఏంటి?"

"అయ్యాక ఇస్తాను."

టింగు మొహంలో నెత్తురు లేదు. ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. దరిద్రుడు అలవాటు మానలేదు! పళ్ళు చేతికి రాగానే మళ్ళీ వెనక్కి లాగేద్దామని ఈసారీ అట్టడుగు ఛార్జీయే పెట్టాడు. ఆ డబ్బు ఇప్పట్లో ఖాయం కాదు. అది వాడికి తెలుసు, మాకూ తెలుసు. తెలియనిది బావగారికే.

అంతలో సంఘం ప్రెసిడెంటు, చెప్పుల షాపాయన, తలుపు తోసుకుని వచ్చాడు. "ఏం సార్, అందరూ వచ్చేశారు. ఇక్కడేం చేస్తున్నారు?" టింగు చేత్తో నోరు మూసుకున్నాడు. బావగారే చెప్పాడు, డబ్బొచ్చినా మా ఆవిడ పళ్ళివ్వడం లేదని. ప్రెసిడెంటు నవ్వాడు. "టింగ్ అంటే అయిపోయినట్టే కదమ్మా! ఆయనే చెప్పాడు మాకు."

"అయితే ఆయన్నే అడగండి, అయిపోయిందో లేదో" అంది అక్క.

టింగు నీళ్ళు నమిలాడు. అయిపోయింది అనడానికి నోరు లేదు, కాలేదు అనడానికి ధైర్యం లేదు. మీటింగు ముంచుకొస్తోంది. ఇక గతి లేక, ఫోను మీద వంగి గబగబా నొక్కడం మొదలుపెట్టాడు. ముందు పంపినదాన్ని రద్దు చేసి, ఎక్కువ ఛార్జీతో మళ్ళీ మాకే పంపుతున్నాడు.

"ఏయ్!" బావగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "పోయింది! డబ్బు పోయింది! ఇప్పుడే ఉంది, మాయమైపోయింది!"

అక్క అప్పుడు లేచింది. డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏం నొక్కారండీ?"

"నేనేం నొక్కలేదే! ఫోను ముట్టుకోనుకూడా లేదు! చేతిలో ఊరికే పట్టుకుని..."

మాట మధ్యలో ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట ఎవరిదో ఆయనకి అప్పుడు తట్టింది. అక్క అలాగే చూస్తూ నిలబడింది. ఫోను ఇంకోసారి టింగ్ అంది. ఎవరూ దాని వైపు చూడలేదు.

ప్రెసిడెంటు టింగు వైపు తిరిగాడు. "అంటే... మోగాక కూడా వెనక్కి తీసుకోవచ్చన్నమాట. నా షాపులో సరుకు బయటికి పోయాక కూడానా?" టింగు తల దించుకున్నాడు. నేను చేతులు నడుం మీద వేసుకుని, తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. పారిపోతే పోనివ్వను కదా. అయినా వాడెక్కడికి పోతాడు, పళ్ళు మా దగ్గరుంటే!

"పద చెల్లీ, మీటింగుకి టైమైంది" అంది అక్క.

డబ్బా చేత్తో పట్టుకుని ఆవిడ ముందు, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వాడు వెనక, ఫోను రెండు చేతులా పట్టుకుని బావగారు, చివర నేను. రోడ్డు దాటుతుంటే వీధంతా చూసింది. హాల్లో ప్రెసిడెంటు ఉన్నది ఉన్నట్టు చెప్పి, మైకు అక్కకిచ్చాడు. ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. "పిన్నీసులు అమ్మేవాళ్ళు టింగ్ వినగానే ఇచ్చెయ్యండి, పోతే పోయింది. పోతే ఏడుపొచ్చే వస్తువైతే ఖాయం అయ్యేదాకా వదలకండి. ఇదిగో, నేను ఇలా పట్టుకున్నాను" అని డబ్బా పైకెత్తి చూపించింది. వాడు స్టేజీ మీద, తన పేరు రాసిన కుర్చీలో, నోరు కప్పుకుని కూర్చుని ఉన్నాడు. వాణ్ణి ఏ ప్రశ్న అడిగినా తల ఊపడం తప్ప గతి లేదు. "నా దగ్గర కూడా ఇలాగే వెనక్కి తీసుకున్నావా?" అని మందుల షాపాయన లేచి అడిగాడు. వాడు ఆ ఒక్కదానికి తల కూడా ఊపలేదు. నేను ముందు వరసలో కూర్చుని తనివితీరా చూశాను. ఏ సినిమాకి వెళ్ళినా నాకంత సంతోషం కలగలేదు.

చాలాసేపటికి వెనక నుంచి బావగారు లేచి నిలబడ్డాడు. "ఖాయమైంది!" అని అరిచాడు.

అక్క డబ్బా మూత తీసి, పళ్ళు రెండు వరసలూ అందరి ముందూ వాడి చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఇవి మీవి. పెట్టుకోండి. మాట్లాడతానన్నారు కదా, మాట్లాడండి."

వాడు పెట్టుకున్నాడు. ఎడమపక్క ఒరుసుకున్నట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టేజీ దిగి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు దాకా వెళ్ళాడు.

"నొప్పి చేస్తే రండి" అంది అక్క మైకులోనే. "అరగదీయడం ఊరికే. ఎప్పుడైనా రావచ్చు."

వాడు ఇప్పటిదాకా రాలేదు. మా వీధిలోనే కాదు, ఎక్కడా కనిపించలేదు. ఎక్కడున్నా అన్నం కుడిపక్కనే నమలుతుంటాడు. అది తల్చుకున్నప్పుడల్లా నాకు ఆకలి పెరుగుతుంది.

ఆ సాయంత్రం బావగారు ఫోనూ తాళంచెవీ తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. ఏదో అనబోయాడు. "ప్లాస్టర్ ఆరుతోంది, తర్వాత" అంది ఆవిడ. తాళంచెవి నడుముకి కట్టుకుంది. ఆ తర్వాత ఆయన అనబోయినప్పుడల్లా ఆవిడకి ఏదో ఒక పని గుర్తొస్తూనే ఉంది.

మొన్న బావగారు అన్నం తింటూ "అబ్బా" అన్నాడు. ముందు పన్ను కదులుతోందట. అక్క కంచం పక్కన పెట్టి, ఆయన గడ్డం పట్టుకుని, దీపం వైపు తిప్పి చూసింది. ఎంతో ప్రేమగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, పాట మాస్టారికీ తెలుసు.

"ఒక్కటి కాదండీ, అన్నీ కదులుతున్నాయి" అంది. "తొందరేం లేదు. వెనక గదికి రండి. నా గదికి."